ఎంఎస్ ఫెటీగ్ (అలసట) - కార్టిసాల్ టెస్ట్ చేయించుకుంటే ఏమైనా తేలుతుందా?

వరంగల్_పిల్ల: రిలాప్సింగ్ రెమిటింగ్ ఎంఎస్ నాది (మల్టిపుల్ స్క్లెరోసిస్, నరాల పైపొర దెబ్బతినే జబ్బు, అప్పుడప్పుడు ఎక్కువై మళ్ళీ తగ్గే రకం). నడక బానే ఉంది, చూసేవాళ్ళకి ఏమీ కనపడదు, అదే పెద్ద తంటా. రాత్రంతా పడుకున్నా పొద్దున ఒళ్ళు లేవదు, పదకొండింటికి కాస్త తేరుకుంటా, మళ్ళీ మూడయ్యేసరికి మీటింగ్‌లో ఎవరేమంటున్నారో బుర్రకెక్కదు. మా అత్తగారేమో బీట్‌రూట్ జ్యూస్ తాగమంటారు 😅 యూట్యూబ్‌లో ఒకాయన స్ట్రెస్ హార్మోన్ కార్టిసాల్ అయిపోయిందని, దాన్ని తయారుచేసే అడ్రినల్ గ్రంథులు అలిసిపోయాయని, అదే అడ్రినల్ ఫెటీగ్ అని చెప్తున్నాడు. నిజమేనా?

కాకినాడ_కాజా: అడ్రినల్ ఫెటీగ్ అనే జబ్బుని ఎండోక్రైన్ డాక్టర్లు అసలు ఒప్పుకోరండీ, ఆ గ్రంథులు నిజంగానే దెబ్బతినే అడిసన్స్ జబ్బు వేరే సంగతి. కార్టిసాల్ మనం లేచాక అరగంట, ముప్పావుగంటకి బాగా పెరిగి, రోజంతా తగ్గుతూ అర్ధరాత్రికి అడుక్కి పోతుంది, అందుకే ల్యాబ్ వాళ్ళు పొద్దున 8 ప్రాంతంలో రమ్మంటారు. ఇంకో విషయం, ఎంఎస్‌లో కొంతమందికి ఈ హార్మోన్ సిస్టమ్ ఎక్కువగా పనిచేస్తున్నట్టు స్టడీస్‌లో కనపడింది, అంటే ఆయన చెప్పినదానికి ఉల్టా. దానికీ ఫెటీగ్‌కీ లింక్ మాత్రం ఒక్కో స్టడీలో ఒక్కోలా ఉంది. ఒక్క టెస్టుతో తేలేది కాదు.

బెజవాడ_బుల్లోడు: స్టెరాయిడ్స్ గానీ ఈమధ్య తీసుకున్నారా అక్కా? రిలాప్స్‌కి (జబ్బు తిరగబెడితే) మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకి 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు డ్రిప్ పెడతారు కదా, అప్పుడు నాకు రాత్రి రెండింటికి కూడా కళ్ళు మూతపడవు, అల్మారాలు సర్దేసుకుంటూ కూర్చుంటా, ఆపాక మాత్రం వారం పాటు మంచం దిగలేను. డ్రిప్ పొద్దున్నే పెట్టమని అడగండి, నిద్ర కొంచెం నయం. అది అయిన వెంటనే కార్టిసాల్ చూపించుకుంటే మన సొంత హార్మోన్ అణిగిపోయి ఉంటుంది, రిజల్ట్ చూసి కంగారు పడడమే మిగుల్తుంది.

కాకినాడ_కాజా: అవును. ముందు థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్ చూపించుకోండి. కండరాల బిగుతుకి బాక్లోఫెన్, నరాల నొప్పికి గాబాపెంటిన్ వాడుతుంటే వాటి మత్తు కూడా లెక్కలోకి వస్తుంది. రాత్రి యూరిన్‌కి ఎన్నిసార్లు లేస్తున్నారో అది కూడా డాక్టర్‌కి చెప్పండి, మనలో చాలామంది సిగ్గుపడి చెప్పరు.

డాలస్_తెలుగమ్మాయి: నిద్ర ముంచుకురావడం, ఫెటీగ్ రెండూ వేరేనండి. కూర్చున్నచోటే కునుకు పట్టేస్తుంటే, గురక ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఉందేమో చూడాలి, దానికి ట్రీట్‌మెంట్ ఉంది. కళ్ళు తెరిచే ఉన్నా బుర్ర పనిచెయ్యకపోతే అది ఎంఎస్ ఫెటీగ్ అయ్యే చాన్స్ ఎక్కువ. మెలకువగా ఉంచే మోడాఫినిల్ మందు కోసం నేనూ ఎగబడ్డా గానీ, 2021లో లాన్సెట్ న్యూరాలజీలో వచ్చిన ట్రయల్‌లో అమాంటడిన్, మోడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్ మూడూ ఫెటీగ్‌కి ప్లసీబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) కంటే మెరుగని తేలలేదు. పగలు నిద్ర ఎక్కువున్నవాళ్ళకి మాత్రం కొంత ఉపయోగం ఉన్నట్టు అనిపించింది, డాక్టర్‌తో మాట్లాడండి.

బెజవాడ_బుల్లోడు: మాకు మే నెలలో కరెంటు పోతే చాలు, చూపు కూడా మసకేస్తుంది 🥵 ఉథాఫ్ అనే జర్మన్ కళ్ళ డాక్టర్ 1890లోనే రాశాడంట దీని గురించి. ఒంట్లో వేడి కొంచెం పెరిగినా, పైపొర దెబ్బతిన్న నరంలో సిగ్నల్ సరిగ్గా వెళ్ళదు, చల్లబడితే మళ్ళీ మామూలే. మెడ మీద తడి తువ్వాలు వేసుకుని పనులన్నీ తొమ్మిదిలోపే కానిచ్చేస్తా.

వరంగల్_పిల్ల: యూరిన్ సంగతి నిజమే, డాక్టర్‌కి ఎప్పుడూ చెప్పలేదు. నాకు మూడింటికి నిద్ర రాదు, బుర్రే ఆగిపోతుంది. థైరాయిడ్, బీ12 రేపు ఇచ్చేస్తా, కార్టిసాల్ వద్దులే. ఎంఎస్‌కి ఇచ్చిన ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ పొద్దున వేసుకుంటున్నా, మీరెప్పుడు?

కాకినాడ_కాజా: రాత్రి పడుకునే ముందు అండీ, దానివల్ల వచ్చే జ్వరం, ఒళ్ళు నొప్పులు సగం నిద్రలోనే పోతాయి. టైమ్ మార్చే ముందు మీ న్యూరో డాక్టర్‌ని ఒక్కసారి అడగండి.