అప్‌డేట్: తమ్ముడి క్రోన్స్ జబ్బు, వికలాంగుల సర్టిఫికెట్ సంగతి

మా తమ్ముడికి పేగులకు సంబంధించిన క్రోన్స్ వ్యాధి ఉంది, వికలాంగుల సర్టిఫికెట్ వస్తుందా అని బెంగళూరు నుంచి అడిగాను కదా. ఏం జరిగిందో చెబుతాను.

యూడీఐడీ కార్డుకి (వికలాంగులకిచ్చే గుర్తింపు కార్డు) ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాం. రాలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ ఉన్నాయి గానీ పేగు జబ్బుల పేరే లేదు. జబ్బు ముదిరినప్పుడు బస్సెక్కాలంటేనే వణికిపోతాడు వాడు. చూడ్డానికి బాగానే ఉన్నాడని అలాంటి మనిషి లెక్కలోకి రాకపోవడం అన్యాయం. కేంద్రం నోటిఫై చేసి కొత్త రకాలు చేర్చే వీలు ఆ చట్టంలోనే ఉంది. చేర్చాలి.

ఒక డాక్టర్ గారు మాత్రం ఓపిగ్గా చెప్పారు. ఈ జబ్బు వల్ల కీళ్లు పట్టేసి నడక దెబ్బతింటే, దాన్ని చలన వైకల్యం కింద విడిగా చూస్తారట. రిజర్వేషన్ లాంటివి వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటేనే. దేవుడి దయ వల్ల వాడికి కీళ్ల బాధ అంత లేదు.

నిజంగా ఆదుకున్నది ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా పథకం. దాని గురించి గుర్తు చేసిన అక్కకి చాలా థ్యాంక్స్. వాడు బెంగళూరు దగ్గరి బొమ్మసంద్రలో పనిచేస్తాడు, జీతం నెలకు 21,000 లోపే కాబట్టి ఈఎస్ఐ వర్తిస్తుంది. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉంటే, ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్ మీద జబ్బుతో పనికి వెళ్లలేని రోజులకు, ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం ఇస్తారు. మొన్న డబ్బు బ్యాంకులో పడింది. అమ్మ టెన్షన్ కాస్త తగ్గింది. ఇప్పుడు బాత్రూమ్‌కి దగ్గరగా సీటు ఇవ్వమని ఆఫీసులో రాతపూర్వకంగా అడుగుతున్నాం.