‘సౌయిన్’ రాత్రి గురించి అమ్మకి తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేం డబ్లిన్‌లో ఉంటాం. మా పక్కింటావిడ పెద్దావిడ, చాలా మంచి మనిషి. తనని తాను ‘విచ్’ అని చెప్పుకుంటారు. అక్టోబరు 31 రాత్రి వాళ్ళింటికి భోజనానికి రమ్మన్నారు. పోయినవాళ్ళ కోసం ఒక కుర్చీ, ఒక కంచం విడిగా వేస్తారట. తింటున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదట. మీ ఇంట్లో పోయినవాళ్ళ ఫొటో ఉంటే తెచ్చుకోమన్నారు. నాన్న పోయాక ఇది రెండో ఏడు. ఆయన ఫొటో తీసుకెళ్ళాలని నాకు బలంగా ఉంది. రాజమండ్రిలో ఉన్న అమ్మకి చెప్పకుండా మాత్రం వెళ్ళను. చెబుదామంటే మాటలు దొరకడం లేదు. ‘మంత్రగత్తె ఇంటికి నాన్న ఫొటో పట్టుకెళ్తున్నా’ అంటే అమ్మ టెన్షన్‌తో రాత్రంతా నిద్రపోదు.

ఆ పండగ పేరు ఎలా పలకాలి? విచ్‌కి తెలుగులో ఏమనాలి? పూర్వీకుల్ని ‘ఆనర్’ చేయడాన్ని పూజ అనాలా, స్మరణ అనాలా?

జవాబు:

అమ్మా, ముందు పలకడం సంగతి చూద్దాం. Samhain అన్న స్పెల్లింగు చూసి చాలామంది సమ్‌హెయిన్ అంటారు. ఐర్లండ్‌లో అది సౌయిన్. స్కాట్లండ్ వైపు సావిన్‌కి దగ్గరగా వినిపిస్తుంది. ఐరిష్‌లో నవంబరు నెల పేరే సౌయిన్. మీరు వెళ్ళబోయే రాత్రిని ఈహె హౌనా అంటారు. అక్కడ సకారం కూడా మెత్తబడి హకారమైంది.

వాళ్ళ రాతలో హల్లు పక్కన హకారం కనిపిస్తే ఆ హల్లు మెత్తబడిందని గుర్తు. మకారం మెత్తబడితే వకారం అవుతుంది. ఇది మన నోటికి కొత్తేమీ కాదు. మామిడిని మావిడి అంటాం. పాము పాఁవు అవుతుంది, నోము నోఁవు అవుతుంది. మనవాళ్ళు పాఁవు అన్నప్పుడు ఆ వకారం కాస్త ముక్కులో మోగుతుంది కదా, పాత ఐరిష్‌లో మెత్తబడిన మకారం కూడా సరిగ్గా అలా ముక్కుతో పలికే వకారమే. అంతంత దూరంలో, ఒకదానికొకటి సంబంధం లేని రెండు భాషలు ఒకే దారిన నడవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఇక మాట పుట్టుక. మధ్యయుగపు ఐరిష్ పండితులు దీన్ని రెండుగా విడగొట్టి ‘వేసవి ముగియడం’ అని అర్థం చెప్పారు. అందులో వేసవి అనే ముక్కకి సంస్కృతంలో దగ్గరి చుట్టం ఉంది: ‘సమా’, అంటే ఏడాది. ‘మా నిషాద’ శ్లోకంలో ‘శాశ్వతీః సమాః’ అని చదువుకున్నదే. ఈశావాస్యంలో ‘జిజీవిషేచ్ఛతం సమాః’ అన్నచోటా అదే మాట. ఇంగ్లీషు సమ్మర్ కూడా ఈ ఇంటిదే. ‘ముగియడం’ అన్న రెండో ముక్కని మాత్రం ఇప్పటి భాషావేత్తలు చాలామంది ఒప్పుకోరు. మాట మొత్తానికి ‘కూడిక’ అని అర్థమనీ, ఋగ్వేదంలో జనం గుమిగూడే చోటుని చెప్పే ‘సమనం’కి ఇది బంధువనీ ఇంకో వాదం. 1897లో ఫ్రాన్స్‌లోని కొలిన్యీలో ఒక కంచు పంచాంగం ముక్కలుగా దొరికింది. అది గాల్ భాషలో ఉంది, ఐరిష్‌కి చుట్టమైన పాత సెల్టిక్ భాష అది. అందులో సమోన్ అనే నెల, ‘సమోన్ మూడు రాత్రులు’ అనే మాట ఉన్నాయి. మీ అమ్మగారికి ఇదంతా అక్కర్లేదు. ‘వేసవి వెళ్ళి చలికాలం మొదలయ్యే రాత్రి’ అంటే చాలు. సెల్టుల లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, అందుకే నవంబరు ఒకటో తేదీ పండగ ముందు రోజు సాయంత్రమే వచ్చేస్తుంది.

పాత ఐరిష్ కథల్లో సౌయిన్ అంటే పశువుల్ని వేసవి మేత నుంచి ఇళ్ళకి తోలుకొచ్చే కాలం, రాజులు తారా కొండ మీద సభ తీరే కాలం. దేవతాగణాలు ఉండే మట్టిదిబ్బల తలుపులు తెరుచుకునే రాత్రి కూడా అదే. రాస్‌కామన్ కౌంటీలో, రాత్‌క్రోహన్ దగ్గర ‘పిల్లుల గుహ’ అని ఇప్పటికీ ఉంది. నేరా అనే అతను సౌయిన్ రాత్రి ఆ లోపలి లోకంలోకి వెళ్ళిన కథ ఒకటుంది. అక్కడ కాపురం పెట్టి, చాలా రోజులున్నాక బయటికొస్తే తనవాళ్ళు ఇంకా అదే కాగు చుట్టూ కూర్చుని ఉన్నారు, కూర ఇంకా ఉడకనే లేదు. లోపలికి వెళ్ళొచ్చానంటే ఎవరు నమ్ముతారు? అందుకని సాక్ష్యంగా వేసవిలో మాత్రమే దొరికే మొక్కల్ని, అడవి వెల్లుల్లినీ ప్రింరోజ్ పూలనీ, చలికాలం గుమ్మంలో చేత పట్టుకొచ్చాడు. ‘ఆ రాత్రి తెర పలచబడుతుంది’ అని మీ పక్కింటావిడ అంటే ఆ మాట వెనక ఉన్నది ఇలాంటి కథలే. తెలుగులో ‘ఇహానికీ పరానికీ మధ్య తెర పలచబడే రాత్రి’ అంటే చక్కగా అమరుతుంది.

అయితే ఈ కథల్లో దేవతలు, వీరులు కనిపించినంతగా మన తాతల్లాంటి మామూలు చనిపోయినవాళ్ళు కనిపించరు. క్రైస్తవానికి ముందు ఇది పితరుల పండగ అనడానికి ఆధారం పలచగా ఉందని చరిత్రకారుడు రోనాల్డ్ హట్టన్ వాదించారు. చర్చి నవంబరు ఒకటిని సకల పునీతుల రోజు చేసింది. పదో శతాబ్దం చివర క్లూనీ మఠాధిపతి ఓడిలో అనే ఆయన రెండో తేదీని పోయిన ఆత్మల కోసం ప్రార్థించే రోజుగా పెట్టాడు. పోయినవాళ్ళ తలపు ఈ తేదీలకి గట్టిగా ముడిపడింది ఆ దారినే. బ్రిటన్‌లో 1735 నాటి విచ్‌క్రాఫ్ట్ చట్టం 1951లో రద్దయ్యాక జెరాల్డ్ గార్డ్‌నర్ విక్కా అనే విచ్‌ల మతాన్ని బయటికి తెచ్చాడు. ఆయన తర్వాత వచ్చినవాళ్ళు ఐరిష్ పేరునీ చర్చి తేదీల్లో ఉన్న ఆ తలపునీ కలిపి ఇప్పటి సౌయిన్‌ని కట్టుకున్నారు. శాన్ ఫ్రాన్సిస్కోలో రీక్లెయిమింగ్ అనే బృందం 1979 నుంచి ఈ పండగకి స్పైరల్ డాన్స్ అనే క్రతువు చేస్తోంది. ఆ ఏడాది పోయినవాళ్ళ పేర్లు అందులో పైకి చదువుతారు. కొత్తగా కట్టుకున్నది గనక తక్కువదని నేననను. పోయినవాళ్ళని పేరు పెట్టి పిలవాలన్న ఆరాటం మాత్రం కొత్తది కాదు.

ఇప్పుడు అసలు చిక్కు, విచ్. ‘మంత్రగత్తె’ అనకండి. చేతబడి, బాణామతి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన పల్లెల నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి. మన దగ్గర ఆ మాట ఎవరూ తమకి తాము పెట్టుకున్నది కాదు, ఊరు ఒక ఆడమనిషి మీద వేసే నింద. ఐరోపాలోనూ విచ్ అలాంటి మాటే, ఆ పేరుతో వేలమందిని చంపారు. ఇప్పటివాళ్ళు తెలిసి తెలిసీ ఆ పేరుని తమ మీద వేసుకుని దానికి గౌరవం తెచ్చుకుంటున్నారు. తెలుగులో ఆ పని జరగలేదు. కాబట్టి ‘విక్కా మతం వాళ్ళు’ అనండి, లేదా విచ్ అనే ఉంచి ‘ప్రకృతిని కొలిచేవాళ్ళు’ అని ఒక ముక్క కలపండి. పత్రికలవాళ్ళు రాసే ‘క్షుద్రపూజలు’ ఇక్కడికి అసలు రాకూడదు.

పూర్వీకుల్ని ఆనర్ చేయడానికి మన ఇళ్ళలో సిద్ధంగా ఉన్న మాట ‘పెద్దలకు పెట్టుకోవడం’. శ్రాద్ధం, పిండం, తర్పణం అనకండి. వాటికి తిథి, గోత్రం, మంత్రం, కర్త అన్నీ ఉంటాయి. పూజ అన్నా పొరపాటే, వాళ్ళలో చాలామంది పూర్వీకుల్ని దేవుళ్ళుగా కొలవరు. ‘పెద్దలు’ మాత్రం అద్భుతంగా సరిపోతుంది. బతికున్న పెద్దవాళ్ళూ పెద్దలే, పోయినవాళ్ళూ పెద్దలే. ఐరిష్‌లో పూర్వీకుణ్ణి చెప్పే ‘షిన్‌షర్’ అన్న మాటకి కూడా పెద్దవాడు అనే అర్థం. అది పుట్టిన మూలం నుంచే వాళ్ళకి ‘షాన్’, అంటే పాత, వచ్చింది. మన ‘సనాతన’లోని ‘సన’ కూడా ఆ మూలానిదే.

వ్యాఖ్య, వరంగల్ నుంచి:

మా దగ్గర పెత్రమాస అంటం. ఎంగిలిపూల బతుకమ్మ రోజే. పొద్దున పెద్దలకు బియ్యం ఇస్తరు, పొద్దూకి బతుకమ్మ ఆడుతరు. మా ఇంట్ల తాతకు ఇష్టమని మటన్, కల్లు పెడ్తరు. ఆ పక్కింటామె కంచంల కూడా పోయినోళ్ళకు ఇష్టమైనదే పెడ్తరా?

జవాబు:

అవునండీ, చాలా ఇళ్ళలో అంతే. పోయినవాళ్ళకి ఇష్టమైన వంటలు చేస్తారు. కొందరు భోజనాన్ని తిరగేసి, తీపితో మొదలుపెట్టి వడ్డిస్తారు. పోయినవాళ్ళ లోకంలో అన్నీ తిరగబడి ఉంటాయని వాళ్ళ భావన. ఫొటోల దగ్గర కొవ్వొత్తి, యాపిల్, దానిమ్మ ఉంటాయి. యాపిల్‌ని అడ్డంగా కోస్తే గింజల గదులు అయిదు కొనల నక్షత్రంలా కనిపిస్తాయి. విక్కన్ల గుర్తు ఆ నక్షత్రమే. చనిపోయిన తమ సైనికుల సమాధి రాళ్ళ మీద ఆ గుర్తు చెక్కించుకోవడానికి అమెరికాలో వాళ్ళు కోర్టుదాకా వెళ్ళాల్సొచ్చింది. ప్రభుత్వం 2007లో ఒప్పుకుంది.

వ్యాఖ్య:

సౌయిన్, సావిన్... ఇది మన ‘సావు’ నుంచే వెళ్ళి ఉంటుంది. పోయినవాళ్ళ పండగ కదా, అర్థం కూడా కుదిరింది.

జవాబు:

కుదిరినట్టు కనిపిస్తుంది కానీ కాదండీ. సావు అనేది చావుకి వాడుక రూపం. తమిళంలో సావు, కన్నడంలో సావు ఉన్నాయి, అది ద్రావిడ ధాతువు. సౌయిన్‌లో ఉన్న వకారం మొదట మకారం, పాత గాల్ పంచాంగంలో మకారంతోనే ఉంది. దయచేసి ఇది వాట్సాప్‌లో పంపకండి. ఒకసారి వెళ్తే మళ్ళీ వెనక్కి తీసుకోలేం.

వ్యాఖ్య, మెల్‌బోర్న్ నుంచి:

ఇక్కడి పేగన్లు, అంటే విక్కన్లలా ప్రకృతిని కొలిచేవాళ్ళు, సౌయిన్‌ని ఏప్రిల్ 30న చేసుకుంటారు. మాకు చలి మొదలయ్యేది అప్పుడే కదా. మన గుడిలో శరన్నవరాత్రులు మాత్రం వసంతంలోనే జరుగుతాయి!

వ్యాఖ్య, గుంటూరు నుంచి:

మాకు నవంబరు 2 సమాధుల పండుగ. ముందే సమాధులు కడిగి సున్నం వేస్తాం, సాయంత్రం పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తాం. అడిగినావిడ అమ్మగారికి రాజమండ్రిలో క్రైస్తవ స్నేహితులు ఉంటే ‘వాళ్ళ సమాధుల పండుగ లాంటిది’ అన్నా వెంటనే అర్థమవుతుంది.

జవాబు:

ఇది నాకు తట్టలేదు, చాలా దగ్గరి పోలిక. దీపావళి సాయంత్రం చేసే ఉల్కాదానం కూడా చెప్పొచ్చు. దక్షిణం వైపు దివిటీ చూపించి, మహాలయానికి వచ్చిన పితరులకి తిరిగి వెళ్ళే దారి చూపడం అది. పిల్లలు గోగు పుల్లలకి నూనెగుడ్డలు చుట్టి ‘దివ్వి దివ్వి దీపావళి’ అని తిప్పేది అందులోదే. సౌయిన్ రాత్రి కిటికీలో పెట్టే కొవ్వొత్తి కూడా దారి చూపడానికే. 2024లో రెండూ ఒకే రాత్రి పడ్డాయి, అక్టోబరు 31.

వ్యాఖ్య:

మంత్రగత్తె మాట మీద నాకు అభ్యంతరం ఉంది. అందగత్తె, నేర్పుగత్తె లాగా అదీ మంచి పదనిర్మాణమే. వాళ్ళు విచ్ అన్న మాటని నిలబెట్టుకున్నట్టు మనం దీన్ని ఎందుకు నిలబెట్టుకోకూడదు? ప్రతిసారీ ఇంగ్లీషు మాట తెచ్చుకోవడమేనా?

జవాబు:

పదనిర్మాణంలో తప్పేమీ లేదు, ఒప్పుకుంటాను. కానీ నింద పడ్డవాళ్ళు తమంతట తాము ఆ మాటని ఎత్తుకుంటే అది వేరు. మనం బయట కూర్చుని వాళ్ళ తరఫున ఎత్తడం వేరు. ఊళ్ళో ఒంటరిగా బతికే ముసలావిడ మీద ఆ మాట పడితే ఆవిడ తలుపు మీద రాళ్ళు పడతాయి. ఆ భయం పోయిన రోజున మీరన్నట్టే రాద్దాం. అప్పటిదాకా అనువాదంలో విచ్ అని ఉంచడమే నాకు న్యాయంగా తోస్తుంది.

ప్రశ్న వేసినవారు:

అందరికీ ధన్యవాదాలు. అమ్మకి ఇలా చెబుదామనుకుంటున్నాను: ‘అమ్మా, ఇక్కడ చలికాలం మొదలయ్యే రాత్రి పెద్దలకు పెట్టుకుంటారు. పక్కింటావిడ పిలిచారు. నాన్న ఫొటో తీసుకెళ్తున్నా.’ విచ్ అన్న సంగతి చెప్పకుండా వదిలేయనా? ఇంకో సందేహం. నాకు తమ్ముడున్నాడు, నాన్న తద్దినం వాడే పెడతాడు. ఆడపిల్లని, నేను ‘పెట్టుకుంటున్నా’ అనొచ్చా?

జవాబు:

వాక్యం బాగుంది. విచ్ సంగతి మాత్రం దాచకండి. ఆవిడ నలుగురిలో ధైర్యంగా చెప్పుకునే మాట అది, మనం దాచితే ఆవిడని చిన్నబుచ్చినట్టు అవుతుంది. ‘వాళ్ళది విక్కా అని వేరే మతం, చెట్టునీ చంద్రుణ్ణీ కొలుస్తారు’ అని కలపండి.

రెండోదానికి, తద్దినం ‘పెట్టడం’ వేరు, పెద్దలకు ‘పెట్టుకోవడం’ వేరు. మొదటిదానికి కర్త కావాలి. రెండోది ఇల్లంతా కలిసి చేసుకునేది, అందులో వండే చెయ్యి ఎప్పుడూ ఆడవాళ్ళదే. సౌయిన్ భోజనంలో అయితే కూతురు, స్నేహితుడు, శిష్యుడు ఎవరైనా కంచం పెట్టొచ్చు. నెత్తురు సంబంధం కూడా అక్కర్లేదు, దారి చూపిన గురువుల్నీ అందులో కలుపుకుంటారు. మన మహాలయ తర్పణంలోనూ కారుణ్య పితరులని గురువుకీ స్నేహితుడికీ నీళ్ళు వదులుతారు. ‘యేషాం న మాతా న పితా న బంధుః’ అంటూ ఎవరూ లేనివాళ్ళకి కూడా వదులుతారు. నిస్సంకోచంగా ‘నాన్నకి పెట్టుకుంటున్నా’ అనండి. మీ నాన్నగారికి ఏది ఇష్టమో పక్కింటావిడకి ముందే చెప్పండి, వంట ఆవిడ ఒక్కరే చేస్తున్నారేమో.