ఆటిజం పిల్లల కోసం చప్పుడు లేని ఆట గది పెడదామనుకుంటున్నాం, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

ఇద్దరు బాబుల అమ్మ (అమలాపురం దగ్గర పల్లె)

అందరికీ నమస్కారమండి. మాకు ఇద్దరు మగపిల్లలు, తొమ్మిదేళ్ళు, ఆరేళ్ళు. ఇద్దరికీ ఆటిజం. పెద్దవాడికి మాటలు లేవు. చిన్నవాడు గలగలా మాట్లాడతాడు గానీ మిక్సీ వేస్తే మంచం కింద దూరిపోతాడు. వారానికి రెండుసార్లు థెరపీకి కాకినాడ వెళ్తాం. ఎదుర్లంక వంతెన మీద పెద్దవాడు కిటికీకి అతుక్కుపోతాడు, గోదారంటే అంత ఇష్టం వాడికి.

పోయిన నెల ఒక ప్లే జోన్‌కి తీసుకెళ్ళాం. పాటల హోరు, మెరిసే లైట్లు. పెద్దవాడు చెవులు మూసుకుని నేల మీద పడుకుండిపోయాడు. అక్కడి అమ్మాయి వచ్చి, "మేడం, బాబుని బయటికి తీసుకెళ్ళండి, మిగతా పిల్లలు భయపడుతున్నారు" అంది. ఆటోలో ఇంటికొచ్చేదాకా మా వారు ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి భోజనాల దగ్గర "మనమే పెడదాం" అన్నారు.

మా మామగారి పెంకుటిల్లు ముందు భాగం ఖాళీగా ఉంది. హాల్లో టేకు దూలానికి పాత ఉయ్యాల బల్ల కూడా ఉంది. చేతిలో మూడు లక్షలు ఉన్నాయి. ముందు ఏం కొనాలి? మన ఊళ్ళలో దీనికి డబ్బులిచ్చి వస్తారా?

భీమవరం నాన్న

అమ్మా, లోపల ఏం పెట్టాలన్నది తర్వాత. ముందు గుమ్మం సంగతి చూడండి.

మా వాడికి అప్పుడు ఏడేళ్ళు. పెళ్ళికని మా బావమరిది ఇంటికి వెళ్ళాం. బ్యాండు మొదలైంది. నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి వచ్చేంతలో వాడు లేడు. వెతగ్గా వెతగ్గా కాలువ రేవులో మూడో మెట్టు మీద కనిపించాడు, మోకాళ్ళదాకా నీళ్ళలో నిలబడి వేళ్ళతో నీళ్ళు చిమ్ముతున్నాడు. నవ్వుతున్నాడు. బట్టలు ఉతుక్కుంటున్న ఒకావిడ వాడి చొక్కా పట్టుకుని ఉంది కాబట్టి బతికాడు. ఇప్పటికీ ఆవిడకి ప్రతి సంక్రాంతికి చీర పెడతాం.

ఈ పిల్లల్లో కొందరికి చప్పుడైతే పారిపోవాలనిపిస్తుంది, చాలామందికి నీళ్ళంటే ప్రాణం. మన దగ్గర ఏ ఇంటి పక్కన చూసినా కాలువో, చేపల చెరువో ఉంటుంది. అందుకని రెండు తలుపులు పెట్టించండి. మొదటిది మూశాకే రెండోది తీయాలి. గడియ పెద్దవాళ్ళ భుజం ఎత్తులో ఉండాలి. పెరటి తలుపుకి కూడా అంతే.

కాకినాడ ఓటీ

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని (ఓటీ), అంటే ఆటలు, రోజువారీ పనుల ద్వారా పిల్లలకి థెరపీ ఇస్తాను. భీమవరం అన్నయ్యగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

మీ ఉయ్యాల బల్లని తీసేయకండి. పిల్లలు కొందరు గంటల తరబడి ఊగాలంటారు, కొందరికి కాళ్ళు నేలకి ఆనకపోతే భయం. కాబట్టి ఎత్తు తగ్గించుకునేలా గొలుసు కొక్కేలు పెట్టించండి. వడ్రంగిని పిలిచి దూలం చెదపట్టిందేమో చూపించండి. ఇంకో ఊగేది కావాలని ఫ్యాన్ కొక్కేనికి మాత్రం కట్టొద్దు, అది ఊగే బరువుని మోయడానికి పెట్టింది కాదు.

ఖరీదైన సామాను అక్కర్లేదు. బరువు నెట్టడం, మోయడం, లాగడం చాలామంది పిల్లలని కుదురుగా ఉంచుతాయి. ఇసుక నింపిన సంచులు, చిన్న తోపుడు బండి, గట్టి పరుపు చాలు. బరువు దుప్పటి (లోపల బరువు నింపి కుట్టినది) పెడితే పిల్లాడు తనంతట తాను తీసేసుకోగలగాలి, అది మర్చిపోవద్దు. చోకు మోగే పాత ట్యూబులైట్లు తీసేసి ఎల్‌ఈడీలు వేయండి. మనం పట్టించుకోని ఆ జుయ్‌మనే చప్పుడు వాళ్ళలో కొందరిని బాగా ఇబ్బంది పెడుతుంది. కరెంటు పోతే జనరేటర్ వద్దు, ఇన్వర్టర్ పెట్టండి.

ఒక మూల చీకటిగా, చిన్నగా ఉండే చోటు వదలండి. అక్కడికి వెళ్ళిన పిల్లాడిని ఎవరూ పలకరించకూడదు.

రావులపాలెం పెద్దమ్మ

మనవరాలు చేతులు పెట్టి ఆడుకుంటుందని నేను టబ్బులో ధాన్యం పోశాను. నూగుకి చేతులంతా దురదలొచ్చి రెండు రోజులు ఏడ్చింది తల్లి. తర్వాత బియ్యం పోస్తే వానల్లో ముక్కపురుగు పట్టింది. ఇప్పుడు కడిగి ఆరబెట్టిన ఇసుకే వాడుతున్నాం, వారానికోసారి ఎండలో పోస్తాను. కొబ్బరి పీచు పట్టా కొందరు పిల్లలకి గుచ్చుకుంటుంది, పక్కనే మెత్తటి బొంత కూడా వేయమ్మా.

పాలకొల్లు కుట్టుమిషన్

అక్కా, డబ్బుల సంగతి నేను చెప్తాను. మా పాపకి ఆటిజం. మెడ దగ్గర లేబుల్ గుచ్చుకుంటే గౌను చింపేసేది. లేబుల్ లేకుండా, కుట్లు బయటికి వచ్చేలా నేనే కుట్టడం మొదలుపెట్టాను. అదే నా వ్యాపారమైంది. మొదటి ఆరు నెలలు మిగిలింది ఏమీ లేదు, మొహమాటానికి పోయి బట్ట ఖరీదు కూడా అడిగేదాన్ని కాదు. మన పిల్లలే కదా అని ఉచితంగా చేస్తే నువ్వు రెండేళ్ళలో మూసేస్తావు, అప్పుడు ఆ పిల్లలకి చోటుండదు. గంటకి ఇంత అని గోడ మీద రాసి పెట్టు. ఇవ్వలేని వాళ్ళకి వారంలో ఒక పూట విడిగా కేటాయించు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ నమోదు) ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ డబ్బులివ్వకు. నేను పీఎంఈజీపీ అనే కేంద్ర ప్రభుత్వ ఉపాధి పథకం కింద లోన్ తీసుకున్నాను. నేను తీసుకున్నప్పుడు పల్లెటూళ్ళో ఆడవాళ్ళకి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, మన వాటా 5 శాతం ఉండేది. కానీ సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి తర్వాత లోన్‌లో కలుస్తుంది. ఆ లెక్కన వాయిదాలు చూసుకో.

ఇంకోటి, పిల్లలిద్దరికీ యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా ఉన్నాయా? నిరామయలో ఏడాదికి లక్ష వరకు వస్తుంది, థెరపీకి కూడా కొంత ఇస్తారు. వ్యాపారం డబ్బులు థెరపీకి, థెరపీ డబ్బులు వ్యాపారానికి కలిపేస్తే రెండూ పోతాయి. నాకు జరిగింది.

ఇద్దరు బాబుల అమ్మ

ఇవన్నీ చదువుతుంటే కళ్ళు చెమర్చాయండి. మా ఇంటి వెనక కాలువ ఉంది. పుట్టి పెరిగిన ఊరు కాబట్టి దాన్ని ఎప్పుడూ భయంగా చూడలేదు. నిన్ననే మేస్త్రీతో మాట్లాడాం, ముందు రెండో తలుపు, పెరటి ప్రహరీ. బొమ్మల డబ్బులు అందులోకి పోతాయి, పోనివ్వండి.

ఒక్కసారి నలుగురి కంటే ఎక్కువమంది పిల్లలని తీసుకోం, ముందు ఫోన్ చేసి రావాలి. వేళ విషయంలో ఒక అనుమానం ఉంది. గుడి మైకు ఉదయం, సాయంత్రం పెడతారు. మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర దాకా ఊరు నిశ్శబ్దంగా ఉంటుంది. బడి నుంచి వచ్చేవాళ్ళకి అది కుదురుతుందా?

దూలం గట్టిగానే ఉందట. వడ్రంగి గొలుసులకి నూనె పెట్టి ఊపి చూస్తుంటే పెద్దవాడు వచ్చి బల్ల ఎక్కి కూర్చున్నాడు. కిర్రుమనే చప్పుడు పోయింది.

భీమవరం నాన్న

మూడు గంటలు కుదరదమ్మా, నాలుగు చేయండి. భీమవరం నుంచి రావడానికి మాకు రెండు గంటలు పడుతుంది. మా వాడి పేరు మొదట రాసుకోండి.