సెకండ్ హ్యాండ్ లెనోవో థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్: హింజ్ (మూత తిరిగే కీలు) దగ్గర చీలిక, వారంటీ వస్తుందా?

ప్రశ్న: చెల్లి చదువు కోసం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నాను. మూత మీద గీతలున్నా ఫర్వాలేదు. కుడి హింజ్ పక్కన ప్లాస్టిక్ చీలి, తెరిచినప్పుడల్లా సందు పెద్దదవుతోంది, అదే టెన్షన్. కంపెనీ వారంటీ ఇంకా ఉందన్నాడు షాపతను. ఫెవిక్విక్ వేయనా?

జవాబు: వద్దన్నా! జిగురు హింజ్‌లోకి జారితే బిగుసుకుపోతుంది, పక్కనే స్క్రీన్ కేబుల్ కూడా ఉంటుంది. షాపతని మాట కాదు, అడుగున ఉన్న సీరియల్ నంబర్ లెనోవో సైట్‌లో కొట్టి చూడండి. గీతలు, కిందపడి పగిలినవి మామూలు వారంటీలోకి రావు. యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ (పొరపాటున పగిలినా కవర్ చేసే అదనపు ప్లాన్) ఉంటే వేరే సంగతి.

జవాబు: దెబ్బ గుర్తు లేకపోతే ఫొటోలు తీసి సర్వీస్ సెంటర్‌లో గట్టిగా అడగండి. కాదంటే చీలిన కవర్ మీరే మార్చుకోవచ్చు, ఎలా విప్పాలో చెప్పే మాన్యువల్ లెనోవో సైట్‌లోనే ఉచితం. విప్పేముందు బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే సెట్టింగ్స్) బ్యాటరీ డిసేబుల్ చేయడం మర్చిపోవద్దు.

ప్రశ్న అడిగినవారు: థ్యాంక్స్ అన్నా, ఫొటోలు ఇప్పుడే తీస్తున్నా.