బరువు తగ్గుతున్నప్పుడు పెళ్లి జాకెట్టు ఏ కొలతకు కుట్టించాలి?

ప్రశ్న (కాబోయే పెళ్లికూతురు, నిజామాబాద్)

అందరికీ నమస్కారం. మాఘమాసంలో నా పెళ్లి, ముహూర్తానికి ఇంకా మూడు నెలల వ్యవధి ఉంది. నిశ్చితార్థం నాటికి 76 కిలోలున్న నేను నడకతోనూ, రాత్రిపూట అన్నం మానేయడంతోనూ ఇప్పుడు 71కి వచ్చాను. పెళ్లినాటికి 65 దగ్గరికి చేరాలని ఉంది. కంచిపట్టు చీర తీసుకోవడం అయిపోయింది, జాకెట్టు ముక్క చీరతోనే వచ్చింది. పెళ్లిళ్ల రద్దీ మొదలైతే మాట ఇవ్వలేమని, గుడ్డ ఇప్పుడే ఇచ్చేయమని మగ్గం వర్కు చేసేవారు తొందరపెడుతున్నారు. ఇప్పుడున్న కొలతకే కుట్టించమని అమ్మ, ఎలాగూ తగ్గుతావు కనుక ఒక సైజు తక్కువగా కుట్టించమని పిన్ని అంటున్నారు. ఎవరి మాట వినాలో తేలడం లేదు. రిసెప్షనుకు కొన్న లెహెంగా విషయంలోనూ ఇదే సందేహం. అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు (కుట్టుపని చేస్తాను, తెనాలి)

మీ పిన్నిగారి మీద గౌరవం ఉంచుతూనే, ఈ ఒక్క విషయంలో అమ్మగారి మాట వినండి. వదులుగా ఉన్న జాకెట్టును బిగించడం ఒక పూట పని. బిగుతైనదాన్ని వదులు చేయాలంటే మాత్రం లోపల గుడ్డ ఉండాలి. చీరతో నేసి వచ్చిన ముక్క చాలకపోతే అదే రంగు, అదే జరీ బజారులో దొరకడం దాదాపు అసాధ్యం. అందుకే కత్తిరించగా మిగిలిన పీలికలను కూడా దర్జీ దగ్గర అడిగి తీసుకుని దాచుకోండి.

అయితే మీరు రెండు పనులను ఒకటిగా చూస్తున్నారు. వర్కుకు ఇవ్వడం వేరు, కుట్టించడం వేరు. మగ్గానికి బిగించేది కత్తిరించని గుడ్డనే. దాని మీద మెడ, చేతులు, వీపు భాగాలకు గీతలు గీసి, ఆ గీతల మేరకు ఆరీ సూదితో పని చేస్తారు. కాబట్టి ఇప్పటి ఆది జాకెట్టు ప్రకారం గీతలు గీయించి వర్కు వెంటనే మొదలుపెట్టించండి. కత్తిరించి కుట్టే పనిని పెళ్లికి రెండు మూడు వారాల ముందుకు వాయిదా వేయండి. ఆ తేదీని మీ దర్జీతో ఇప్పుడే మాట్లాడి ఖాయం చేసుకోండి, ఎందుకంటే ఆ రోజుల్లో వారికి ఊపిరాడదు.

వర్కు ఇచ్చేటప్పుడే ఒక మాట గట్టిగా చెప్పండి. చంక కింద నుంచి నడుము దాకా రెండు పక్కలా నాలుగు వేళ్ల వెడల్పున పూస గాని, కుందన్ గాని పడకూడదు. మిషను సూది పూస మీద పడితే విరుగుతుంది, అందువల్ల పక్క కుట్టు దారిలో ఉన్న పూసలను పట్టుకారుతో ఒక్కొక్కటే నలిపి తీయాల్సి వస్తుంది. పైగా ఆరీ కుట్టు గొలుసు కుట్టు. తెగిన చోట వెనకవైపు దారం ముడి వేయకపోతే వరుస వరుసంతా ఊడి వస్తుంది.

పక్క కుట్ల దగ్గర మొత్తం చుట్టుకొలతలో రెండు అంగుళాల వరకు ఇబ్బంది లేకుండా తగ్గించవచ్చు. అంతకు మించితే డాట్ల (ఛాతీ దగ్గర ఆకారం కోసం వేసే మడత కుట్ల) స్థానం మారుతుంది, భుజం జారుతుంది, మెడ నోరు తెరుస్తుంది. భుజం మీద వర్కు ఉంటే అక్కడ సరిచేయడం చాలా కష్టం. కనుక వీపు మరీ లోతుగా, వెడల్పుగా పెట్టించకుండా పైన తాళ్లు కట్టుకునేలా పెట్టించండి. నాలుగైదు కిలోల తేడాను ఆ తాళ్లే చాలావరకు సర్దేస్తాయి.

జవాబు (ఈమధ్యే పెళ్లయింది, డల్లాస్)

పై సలహాతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. జాకెట్టు గురించి అందరూ ఆలోచిస్తారు గాని నగల సంగతి చివరిదాకా ఎవరికీ గుర్తురాదు. వడ్డాణం వెనక గొలుసు ఎన్ని కొక్కేల వరకు బిగుస్తుందో చూడండి, చెయ్యి సన్నబడితే వంకీ మోచేతి దాకా జారుతుంది, 2.6 గాజులు వేసుకునేవారికి 2.4 సరిపోయే స్థితి రావచ్చు. మరొక మాట: కొలత సరిపోయిందో లేదో జాకెట్టు వేసుకుని చూసేటప్పుడు అద్దం ముందు కదలకుండా నిలబడిపోక, రెండు చేతులూ తల పైకెత్తి చూడండి. తలంబ్రాలు పోసేటప్పుడు చంక దగ్గర పట్టేస్తే ఫొటోలన్నింటిలోనూ ఆ ఇబ్బంది మొహంలో కనిపిస్తుంది, పైగా వరుడు కాస్త పొడగరి అయితే ఇక చెప్పనక్కర్లేదు.

జవాబు (పోషకాహార సలహాదారు, హైదరాబాద్)

దుస్తుల గురించి నాకు తెలియదు గాని, మీ లెక్క గురించి చెప్పగలను. మూడు నెలల్లో ఆరు కిలోలంటే వారానికి అర కిలో, ఇది ఆరోగ్యకరమైన వేగమే. దాన్ని రెట్టింపు చేయాలనే తొందర మాత్రం వద్దు. బాగా కడుపు మాడ్చుకుని వేగంగా తగ్గినవారిలో రెండు మూడు నెలల తర్వాత జుట్టు కుచ్చులుగా రాలడం తరచుగా చూస్తాం, అంటే సరిగ్గా మీరు పూలజడ వేసుకునే రోజులకు. పప్పు, గుడ్లు, పెరుగు తగ్గించకండి. జాకెట్టు కుట్టడానికి ఇచ్చిన రోజు నుంచి బరువు తగ్గే ప్రయత్నం ఆపేసి, ఉన్న బరువును నిలుపుకుంటే చాలు. నెలసరికి ముందు ఒంట్లో నీరు చేరి కాస్త ఉబ్బినట్లుండటం మామూలే, కాబట్టి ఆ రోజుల్లో తుది కొలత ఇవ్వకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. వర్కు ఈ వారమే ఇచ్చేస్తాను. లెహెంగా మాత్రం రెడీమేడ్, నడుముకు పట్టీ, పక్కన జిప్ ఉన్నాయి; కింది నుంచి పైదాకా వర్కు ఉంది. దాన్ని ఏం చేయమంటారు?

జవాబు (కుట్టుపని చేస్తాను, తెనాలి)

కలీలను (లెహెంగాలో పక్కపక్కన కలిపి కుట్టే పొడవాటి ముక్కలను) కత్తిరించనివ్వకండి, వర్కు వరుస తప్పుతుంది. పట్టీ విప్పి, జిప్ ఉన్న పక్క కుట్టులోనే తగ్గించి, పట్టీలో నాడా కూడా ఎక్కించమనండి. నడుము వదులైతే లెహెంగా తుంటి మీదికి జారి అంచు నేలకు తగులుతుంది. అందుచేత ముందు నడుము సరిచేయించి, ఆ రోజు వేసుకోబోయే చెప్పులతోనే నిలబడి పొడవు చూపించండి.