సికిల్ సెల్ పిల్లలందరికీ ఏటా మెదడు డాప్లర్ చేయాలా?

మన్యం టీచర్:
పాడేరు వైపు ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్నాను. మా బడిలో ఏడో తరగతి బాబుకు సికిల్ సెల్, అంటే ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు. కిందటి నెల ఒకరోజు పొద్దున లేచేసరికి కుడి చెయ్యి పడిపోయింది. ‘ఇది స్ట్రోక్. ఏడాదికోసారి కణత దగ్గర డాప్లర్, అంటే మెదడు ధమనుల్లో రక్తవేగం కొలిచే స్కాన్ చేయించి ఉంటే ముందే తెలిసేదేమో’ అన్నారు డాక్టరు. ఆ పరీక్ష పేరు నేను వినడం అదే మొదలు. 2023లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలయ్యాక మా బడిలో రక్తపరీక్షలు చేసి కార్డులిచ్చారు. కార్డుతో పాటు ఈ పరీక్ష కూడా తప్పనిసరి చేయాలంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

రక్తదాత:
బాబు సంగతి చదివి చాలా బాధేసింది టీచర్ గారూ. అయినా తప్పనిసరి వద్దనే అంటాను. రక్తవేగం ఎక్కువుందని తేలాక ఏం చేస్తాం? నెలనెలా రక్తం ఎక్కించాలి. శిబిరాలు నడిపేవాణ్ని, ఎండాకాలంలో ఒక్క యూనిట్ కోసం ఎంత తిరుగుతామో నాకు తెలుసు. మధ్యలో ఆపేస్తే స్ట్రోక్ ముప్పు మళ్లీ వస్తుందని 2005లోనే తేలింది. ఒంట్లో ఇనుము పేరుకుంటే దానికి మళ్లీ మందులు. పైగా మన దేశంలో చాలామంది రోగుల్లో పిండదశ హిమోగ్లోబిన్ (కడుపులో ఉన్నప్పటి రకం) ఎక్కువ, అందుకే జబ్బు తీవ్రత కొంత తక్కువ. ఆ డబ్బుతో అందరికీ ఆ హిమోగ్లోబిన్‌ను పెంచే హైడ్రాక్సీయూరియా మందు ఇవ్వడం మేలు.

రేడియాలజీ పీజీ:
తీవ్రత తక్కువనుకున్న జబ్బే ఆ బాబు చెయ్యి పడగొట్టిందండీ. సగటు చూసి ఏ ఒక్క పిల్లాడికీ భరోసా ఇవ్వలేం.

పుర్రె ఎముక అల్ట్రాసౌండ్‌ను అడ్డుకుంటుంది, కణత దగ్గర మాత్రం పల్చగా ఉంటుంది. 1982లో రూనే ఆస్లిడ్ బృందం 2 మెగాహెర్ట్జ్ తరంగాలను అక్కడినుంచి పంపి మెదడు ధమనుల్లో రక్తవేగం కొలిచింది. నీళ్ల పైపు మూతిని వేలితో నొక్కితే ధార జోరందుకుంటుంది కదా, ధమని ఇరుకైనా అంతే. సూది లేదు, రేడియేషన్ లేదు. సగటు వేగం సెకనుకు 200 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం. 1998లో వచ్చిన స్టాప్ అధ్యయనంలో అలాంటి 130 మంది పిల్లలున్నారు. రక్తం ఎక్కించినవాళ్లలో స్ట్రోక్ 92 శాతం తగ్గింది.

రక్తం జీవితాంతం అక్కర్లేదు కూడా. కనీసం ఏడాది ఎక్కించాక, ధమనులు మరీ దెబ్బతినని పిల్లలను హైడ్రాక్సీయూరియాకు మార్చవచ్చని 2016లో ట్విచ్ అధ్యయనం చూపింది. రక్తం దొరకని ఉత్తర నైజీరియాలో వేగం ఎక్కువున్న పిల్లలకు నేరుగా ఆ మందే ఇచ్చారు. మందు అందరికీ ఇవ్వాల్సిందే, పరీక్ష కోసం ఆపకూడదు. కానీ ఎవరిని వదలకుండా వెంటాడి చూసుకోవాలో చెప్పేది ఈ పరీక్షే.

ఒక జాగ్రత్త: బొమ్మ చూపించే మామూలు స్కానింగ్ మిషన్‌తో కొలిస్తే అంకె కొంచెం తక్కువొస్తుంది. 190 వచ్చిందని ధీమా పడకూడదు.

వార్డు సిస్టర్:
చేయడం కూడా నేర్పుండాలండీ. పిల్లలు ఏడ్చినా, నిద్రపోయినా, జ్వరమున్నా అంకె మారిపోతుంది. అమ్మ ఒళ్లో కూర్చోబెట్టి ఊరుకోబెట్టాకే జెల్ రాస్తాం. ఇక లింగనిర్ధారణ చట్టం వల్ల స్కానింగ్ మిషన్‌ను ఊరూరా తిప్పలేం. మొబైల్ మెడికల్ యూనిట్‌లో భాగంగానే అనుమతి.

రక్తదాత:
ట్విచ్ సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. మందు ముందు, పరీక్ష వెంటనే అంటే నాకూ సమ్మతమే. పరీక్ష చేసే నేర్పున్న మనిషి ఎవరన్నదే మిగిలింది.

మన్యం టీచర్:
మా బడిలో కార్డున్న పిల్లలు ఇంకా తొమ్మిది మంది. సిస్టర్ గారూ, వాళ్లను ఏ రోజు, ఎక్కడికి తీసుకురావాలో చెప్పండి, నేనే తీసుకొస్తాను.