సమస్య: పాస్తలోనఁ గలదు పప్పుచారు

నిర్వాహకుడు:
మిత్రులారా, ఈ వారం పాదం ఇది, దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి. రెండు రోజులుగా నా నోట్లో నానుతోంది, ఇక మీ వంతు.

పాస్తలోనఁ గలదు పప్పుచారు

గడువు ఆదివారం రాత్రి దాకా. అన్యదేశ్యాలకు (పరభాషల మాటలకు) అభ్యంతరం లేదు, వంటింట్లో చెల్లే మాటైతే చాలు.

పోపులపెట్టె:
అన్న మొల్ల ననుచు నలిగిన మనుమని
బుజ్జగించి బామ్మ పొయ్యి మీఁద
గంటె తిప్పి తిప్పి కమ్మఁగా వండిన
పాస్తలోనఁ గలదు పప్పుచారు.

ఇది ఊహించి రాసింది కాదండీ, మా ఇంట్లో నిజంగా చేసేదే. కందిపప్పు మెత్తగా ఉడికాకే చింతపండు రసం పోయాలి. ముందే పోస్తే పులుపుకి పప్పు బిరుసెక్కి ఎంతసేపైనా మెదగదు. చారు మామూలు కంటే పల్చగా పెట్టుకుని, తెర్లుతున్నప్పుడు చిన్న గవ్వల పాస్తా వేస్తాను. విడిగా ఉడికించి వార్చను, ఎందుకంటే అది వదిలే గంజే చారుకి చిక్కదనం ఇస్తుంది. చివర్లో ఇంగువ, ఎండుమిర్చి, కరివేపాకు పోపు. దించగానే వడ్డించాలి. కాసేపు వదిలేస్తే పాస్తా చారంతా పీల్చేసి ముద్దయిపోతుంది. గుజరాతీలు దాల్ ఢోక్లీలో గోధుమపిండి ముక్కలతో చేసేదీ ఇదే పని కదా!

యతిప్రియ:
అక్కయ్య గారూ, ‘బుజ్జ’కి ‘పొయ్యి’తో యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో పొత్తు) చక్కగా కుదిరింది. ‘గంటె తిప్పి తిప్పి’ అన్నచోట చెయ్యి కదలడం కనిపించింది. మూడో పాదం నుంచి సమస్యలోకి అతుకు తెలియకుండా దిగారు. అయితే అన్నం వద్దని అలిగే ఈ కాలం పిల్లవాడి నోట ‘ఒల్లను’ పలుకుతుందా? పద్యం బామ్మది, మాట మాత్రం మనుమడిది కావాలి.

పోపులపెట్టె:
మనుమడు ఏమన్నాడో పద్యంలో చెబుతున్నది బామ్మే కదా, యతిప్రియ గారూ. మాట ఆవిడదే.

గోదారిగట్టు:
ఇటలి యింటి వంట యేమని యడిగిన
మసురుపప్పు మరగ మాకరోని
వేసి యుడకనిచ్చి విందు సేయుదు రట
పాస్తలోనఁ గలదు పప్పుచారు.

పప్పుచారు పాస్తాలోకి మనం కొత్తగా దూర్చలేదని చెప్పడమే నా పూరణ. నేపుల్స్ ఇళ్ళల్లో పప్పూ పాస్తా ఒకే గిన్నెలో ఉడికించడం పాత అలవాటు. డబ్బాల అడుగున మిగిలిన రకరకాల పాస్తా ముక్కలు కలిపేస్తారు, లేదా స్పగెటీ విరిచి వేస్తారు. మన ఇంగువ పోపు చేసే పని అక్కడ ఆలివ్ నూనెలో వేగిన వెల్లుల్లి చేస్తుంది. బీన్స్‌తో వండితే అదే పాస్తా ఎ ఫజోలి. మనం రెస్టారెంటు పాస్తా చూసి అదే ఇటలీ అనుకుంటాం. ఆ దేశపు అమ్మల వంట ఇది.

యతిప్రియ:
విషయం బాగుంది. కానీ ‘మసూరు’ని ‘మసురు’ చేశారే! దీర్ఘం ఉంచితే సూర్యగణం (ఆ చోట రావాల్సిన అక్షరాల కూర్పు) కుదరదని కత్తిరించేశారు. ‘పెసరపప్పు’ అంటే సరిపోయేది.

గోదారిగట్టు:
సరిపోదు. ‘పె’తో మొదలుపెడితే ‘మాకరోని’తో యతి చెడుతుంది. పైగా నేపుల్స్ గిన్నెలో పెసరపప్పు ఉండదు. గణం కోసం వంట మార్చను.

యతిప్రియ:
వంట మార్చని వారేనా పోయినసారి కుస్‌కుస్ పూరణలో ఆ గోధుమరవ్వ గుళికల్ని ఉప్మాలాగా నీళ్ళలో పోసి ఉడికించింది? మొరాకో, అల్జీరియా, ట్యునీషియాల్లో అడుగు గిన్నెలో కూర మరుగుతుంటే, పైన చిల్లుల గిన్నెలో కుస్‌కుస్ ఆ ఆవిరికి ఉడుకుతుంది. ఆ రెండు దేశాలతో, మౌరిటానియాతో కలిసి మొరాకో పంపిన కుస్‌కుస్‌ను 2020లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది కూడా. సరే, ఇదిగో నా పూరణ:

ఎవ్వఁ డనియె నిట్టు లెఱుకయే లేకుండ
చింతపండు లేక చేసినట్టి
యింగు వంటనట్టి యీ మెత్తనగు పిండి
పాస్తలోనఁ గలదు పప్పుచారు?

గోదారిగట్టు:
నేను వాడింది ప్యాకెట్ కుస్‌కుస్. అది ముందే ఆవిరి పట్టి ఆరబెట్టినది, వేణ్ణీళ్ళు చాలు. ఇక మీ పూరణలో వరస పాదాల్లో ‘చేసినట్టి’, ‘అంటనట్టి’. రెండో ‘అట్టి’ గణం నింపడానికి తప్ప దేనికీ పనికిరాలేదు.

పోపులపెట్టె:
‘ఇంగు వంటనట్టి’ (ఇంగువ అంటనట్టి) అన్న విరుపు మాత్రం నాకు చాలా నచ్చింది. కానీ యతిప్రియ గారూ, చింతపండు, ఇంగువ లేనిది పప్పుచారు కాదంటారు. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా. ఇంగువ అఫ్ఘానిస్తాన్, ఇరాన్‌ల నుంచి వచ్చేది. మన నేలలో పండించాలని హిమాచల్‌లోని లాహౌల్ లోయలో మొక్కలు నాటించింది 2020 అక్టోబరులో. పోపులో వేసే ఎండుమిర్చిది అమెరికా ఖండం, పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. వాటన్నిటికీ పీట వేసిన గిన్నెలో పాస్తాకి చోటు ఎందుకుండకూడదు? మీరు చారు మీద ప్రేమతోనే అంటున్నారని తెలుసు. ఆ ప్రేమ నాకూ ఉంది కనుకే అడుగుతున్నాను.

యతిప్రియ:
ఎక్కడి నుంచి వచ్చిందని నేను అడగలేదు అక్కయ్య గారూ. పులుపూ పోపూ ఉంటే మీ పాస్తాలో ఉన్నది పప్పుచారే. అవి లేని ఇటలీ గిన్నెకి ఆ పేరు పెట్టడమే నాకు ఒప్పదు.

నల్లమల:
పెద్దలు మన్నించాలి, క్రమాలంకారంలో (అడిగిన ప్రశ్నలకు అదే వరుసలో జవాబులు) నా ప్రయత్నం:

గోధుమరవ యెందుఁ గూడి యుండును? తాత
కోరి యన్నమందుఁ గుడుచు నేమి?
చెప్పుమయ్య నీవు చిన్నారి వరుసగ
పాస్తలోనఁ గలదు, పప్పు చారు.

నిర్వాహకుడు:
నల్లమల గారూ, ‘పప్పుచారు’ను రెండుగా విడగొట్టి తాతకి రెండు వాయిలు వడ్డించారు! ఈ వారం నా మెప్పు ఈ విరుపుకే. మనుమడూ తాతా ఒకే పూట భోంచేస్తుంటే ఎవరి కంచం వారిదిగా ఉంచారు. పోపులపెట్టె గారి ధార, గోదారిగట్టు గారి విషయం దీని తర్వాతే.

గోదారిగట్టు:
ఒప్పుకుంటాను. కానీ ‘మసురు’ మీద అంత లేచిన యతిప్రియ గారు ‘రవ్వ’ ‘రవ’ అయినచోట ఊరుకున్నారేం?

యతిప్రియ:
‘రవ’ నిఘంటువుల్లో ఉంది. ‘మసురు’ చూపించండి.

గోదారిగట్టు:
సంస్కృత నిఘంటువులు తియ్యండి. ‘మసూర’ పక్కనే ‘మసుర’ ఉంటుంది.

యతిప్రియ:
అది తత్సమం, సంస్కృతం నుంచి వచ్చిన మాట. దాని పక్కన తెలుగు ‘పప్పు’ పెట్టి సమాసం చేసింది మీరు. దాని సంగతి వచ్చే వారం చూద్దాం.